నకలు కొట్టలేని చిప్పు

2024 ఏప్రిల్ 15. సోమవారం. జైలాగ్ చిప్పులు కొనేవాళ్లకి ఓ నోటీసు అందింది. జెడ్80 ప్రాసెసర్ ఇక తయారవదు. దాని సిలికాన్ పలకలు చేసిపెట్టే ఫౌండ్రీ ఆ పని మానేస్తోంది. ఆఖరి ఆర్డర్లకి గడువు జూన్ 14. రెండు నెలలకి ఒకరోజు తక్కువ.

ఆ చిప్పు పెట్టి మెషీన్లు అమ్ముకున్నవాళ్ల గదుల్లో లెక్కలు మొదలయ్యాయి. ఎన్ని కొనాలి? ఎన్నేళ్లకి సరిపడా? తక్కువ కొంటే రేపు సర్వీసుకి దొరకవు, ఎక్కువ కొంటే డబ్బంతా అట్టపెట్టెల్లో మూలుగుతుంది, పోనీ దాని వారసుడు ఈజెడ్80కి మారిపోదామంటే అది ఈ 40 కాళ్ల సాకెట్‌లో కూర్చోదు, బోర్డు మళ్లీ గీయాలి, ప్రోగ్రాం మళ్లీ పరీక్షించాలి, అది రాసినాయన చూస్తే ఎప్పుడో రిటైరైపోయి ఉంటాడు. జూన్ తరుముకొస్తోంది.

ఇంట్లో పాత కంప్యూటర్లు బాగుచేసుకునేవాళ్ల పాట్లు వేరు. టోకున కొనే స్తోమత వాళ్లకెక్కడిది? ఆన్‌లైన్‌లో ఏది దొరికితే అదే దిక్కు.

అలాంటి ఒక బల్ల. రాత్రి. బయట చినుకులు. గదిలో సోల్డరింగ్ పొగ. పార్సిల్ విప్పితే చిప్పు నిగనిగలాడుతోంది. పైన అచ్చు చూస్తే 20 మెగాహెర్ట్‌జ్, అంటే సీమాస్ రకం. సాకెట్‌లో నొక్కారు. మాన్యువల్‌లో లేని ఓ చిన్న ఆదేశం నడిపారు. సీమాస్ అయితే 255 పంపాలి. పాత ఎన్‌మాస్ అయితే సున్నా.

తెర మీద సున్నా.

అసిటోన్‌లో దూది ముంచి రుద్దారు. ఘాటు ముక్కుకెక్కింది. అక్షరాలు దూదికి అంటుకొచ్చేశాయి. ఎవరో పాత చిప్పు పీకి, రంగేసి, కొత్త పేరు కొట్టి పంపారు. ఇది చిన్న మాయే. అసలు మాయ ఈ చిప్పు లోపల, పుట్టినప్పుడే పెట్టారు.

ఇంటెల్ వదిలొచ్చిన ఫెడెరికో ఫాజిన్, రాల్ఫ్ ఉంగర్‌మన్ కలిసి 1974లో పెట్టిన కంపెనీ జైలాగ్. పెట్టుబడి చమురు కంపెనీ ఎక్సాన్‌ది. లేఅవుట్ పని సాగడం లేదని ఫాజిన్ తనే గీయడానికి కూర్చున్నాడు. మూడున్నర నెలలు. వారానికి 80 గంటలు. అతనికి ఇంకో బెంగ కూడా. పోటీవాళ్లు మూత తెరిచి, ఫోటో తీసి, గీతకి గీత దించేస్తే?

పక్కనే పనిచేస్తున్న మసతోషి షిమా వల పన్నాడు. కొన్ని ట్రాన్సిస్టర్లకి ఫోటోలో కనపడని డోపింగ్ చేయించాడు. చూస్తే మామూలువే. పనిచేసే తీరే వేరు. కంటికి కనిపించింది కనిపించినట్టు దించితే చిప్పు నడవదు. జపాన్‌లో ఎన్‌ఈసీ వాళ్లు ఆ వలలో పడి ఆర్నెల్లు గింజుకున్నారట. 1976 జూలైలో జెడ్80 బజారుకొచ్చింది. టీఆర్‌ఎస్-80, స్పెక్ట్రమ్ కంప్యూటర్లు, ప్యాక్-మ్యాన్ గేమ్ మెషీన్... అన్నిట్లో అదే. దాదాపు 48 ఏళ్లు దొరుకుతూనే వచ్చింది.

ఇంత కాపలా కాసిన చిప్పుకి చివరికి నకలే గతి అయింది. నోటీసు వేడి చల్లారకముందే ఓ ప్రోగ్రామర్ టీవీ80 అనే ఓపెన్ సోర్స్ కోడు ముందేసుకుని కొత్త సిలికాన్‌కి సిద్ధమయ్యాడు. నలుగురి డిజైన్లూ ఒకే చిప్పు మీద చవగ్గా అచ్చేయించే టైనీ టేప్‌అవుట్‌లో చోటు దొరికింది. తయారీ 130 నానోమీటర్ల పద్ధతిలో. అక్కడొచ్చింది చిక్కు. సంకేతాలకి దక్కే తీగలు 24. జెడ్80 కాళ్లు 40!

ఉన్న తీగల్నే వంతులేశాడు. ఒకసారి అడ్రసులో సగం, ఒకసారి మిగతా సగం, ఇంకోసారి కంట్రోల్ సంకేతాలు. డిజైన్ ఫౌండ్రీకి వెళ్లింది. ఇది పాత సాకెట్‌లో నేరుగా దిగదు, మధ్యలో వేరే బోర్డుండాలి. 40 కాళ్లతో అచ్చంగా దిగేది తర్వాతి మజిలీ అనుకున్నారు.

2025 మార్చి. టైనీ టేప్‌అవుట్‌కీ ఫౌండ్రీకీ మధ్య నిలిచిన ఈఫ్యాబ్‌లెస్ కంపెనీ మూతపడింది. మళ్లీ అదే దెబ్బ, ఫౌండ్రీకి దారి మూసుకుపోయింది. టైనీ టేప్‌అవుట్ వాళ్లు జర్మనీలోని ఐహెచ్‌పీ తలుపు తట్టారు. జెడ్80 కోడు మాత్రం ఎవరైనా దించుకునేలా బాహాటంగానే ఉంది. ఈసారి అందులో వలలేం లేవు.