పాలీస్టైరీన్ ఉష్ణనిరోధక పలకలు: జీవితచక్ర ప్రభావం

గోడలు, పైకప్పులు, పునాదుల్లో వేడి రాకపోకలను తగ్గించే పాలీస్టైరీన్ నురగ పలకలు ముడిచమురు దశ నుంచి కూల్చివేత వ్యర్థం దాకా పర్యావరణంపై చూపే మొత్తం ప్రభావాన్ని వాటి జీవితచక్ర ప్రభావం అంటారు. తయారీ భారంలో అధిక భాగం బెంజీన్, ఇథిలీన్‌ల నుంచి స్టైరీన్‌ను, దాని నుంచి పాలిమర్‌ను చేయడంలోనే ఉంది. పూసలను పెంటేన్‌తో పొంగించి చేసే ఈపీఎస్ పలకలో దాదాపు 98 శాతం గాలే. ముడిపదార్థం కొద్దిగానే పడుతుంది కాబట్టి చలి దేశాల్లో ఆదా అయ్యే ఇంధనం తయారీకి పట్టిన శక్తిని సాధారణంగా కొన్నేళ్లలోనే మించిపోతుంది.

కరిగించిన పాలిమర్‌ను అచ్చులోంచి నెట్టి చేసే ఎక్స్‌పీఎస్ రకంలో చిక్కంతా దాన్ని నురగగా పొంగించే వాయువుదే. మొదట ఓజోన్ పొరను దెబ్బతీసే సీఎఫ్‌సీలు, తర్వాత హెచ్‌సీఎఫ్‌సీలు, ఆపైన హెచ్‌ఎఫ్‌సీ-134ఏ వాడారు. నూరేళ్ల లెక్కన ఈ చివరిదాని భూతాపన శక్తి కార్బన్ డయాక్సైడ్ కంటే 1,300 రెట్లకు పైమాటే. పాత పలకల్లో మిగిలిన వాయువు దశాబ్దాలుగా కారుతూ, పగలగొట్టినప్పుడు మరింత వేగంగా బయటపడుతుంది.

మంటలను అడ్డుకునేందుకు రెండు రకాల్లోనూ కలిపిన హెచ్‌బీసీడీ అనే రసాయనాన్ని 2013 మేలో, దీర్ఘకాలం నిలిచే సేంద్రియ కాలుష్యకాలపై కుదిరిన స్టాక్‌హోమ్ ఒప్పందం నిర్మూలన జాబితాలో చేర్చింది. భవన పలకలకు గడువుతో మినహాయింపు ఇచ్చింది. 2016 సెప్టెంబరు చివర జర్మనీ హెచ్‌బీసీడీ ఉన్న పలకల వ్యర్థాన్ని ప్రమాదకర వర్గంలో చేర్చగానే అనేక దహన కేంద్రాలు దాన్ని తీసుకోవడం మానేశాయి. కూల్చివేత స్థలాల్లో పలకలు పేరుకుపోవడంతో డిసెంబరులో ఆ నిబంధనను తాత్కాలికంగా నిలిపివేశారు.