శ్వాసకోశపు రాచపుండు – పరిచర్య

నూజివీడు మామిడిసీమయందలి పల్లెలలో ఎవరికేని ఎడతెగని దగ్గును ఆయాసమును పట్టుకొన్నచో, ఇంటివారు "కదలవద్దు నాయనా, పడుకొనుము" అని మంచమునకు అప్పగింతురు. ప్రేమచే పల్కిన యీ మాట రోగికి మేలు చేయునా? చరిత్రము నడిగి చూతము.

క్షయకు మందు లేని దినములలో పరిచర్యయే మందుగా నుండెను. 1905 తరువాత ఇంగ్లండునందలి ఫ్రిమ్లీ ఆరోగ్యాశ్రమమున డాక్టరు మార్కస్ పాటర్సన్ రోగులచే మొదట నడకను, పిదప బుట్టలు మోయుటను, తుదకు త్రవ్వకపు పనిని క్రమముగా చేయించెను. మన మదనపల్లె చెంత 1915లో తెఱవబడిన ఆరోగ్యవరము డాక్టరు ఫ్రిమోట్ మోలర్ గారి యాజమాన్యమున గాలి, ఆహారము, విశ్రాంతి, పరిచర్యలనే నమ్మి నడచినది. 1944లో స్ట్రెప్టోమైసిన్ వెల్లడి యైన పిమ్మట క్షయ మందులకు లొంగజొచ్చెను.

రాచపుండు, అనగా కాన్సరు, అంత సులభముగా లొంగలేదు. 1933లో అమెరికాయందు శస్త్రవైద్యుడు ఎవార్ట్స్ గ్రాహం ఒక రోగి యూపిరితిత్తి నొకదానిని పూర్తిగా తొలగింపగా, ఆతడు మఱి ముప్పదియేండ్లు బ్రదికెను. పొగత్రాగుడే యీ వ్యాధికి ముఖ్యహేతువని 1950లో వెల్లడించినవారిలో గ్రాహము నొకడు. చిరకాలము పొగత్రాగిన యాతడే 1957లో దీనికి బలియయ్యెను. అయినను కత్తికి అందని రోగులే పెక్కుమంది. వారి కేమి దిక్కు?

ఈ ప్రశ్నకు బదులు చెప్పినవారిలో నర్సులు ముఖ్యులు. నర్సుగా జీవితము నారంభించిన సిసిలీ సాండర్స్ 1967లో లండనునందు సెయింట్ క్రిస్టఫర్ ఆశ్రమమును నెలకొల్పెను. 1999లో బ్రిటనున 119 మంది శ్వాసకోశ కాన్సరు రోగులపై జరిగిన పరీక్షలో, ఊపిరిని అదుపుచేయుట, పనిని కొంచెము కొంచెముగా చేసికొనుట, దిగులును వెల్లడించుకొనుట నర్సులు నేర్పినవారికి ఎనిమిదివారములలో ఆయాసము తగ్గి సత్తువ మెఱుగయ్యెను. 2010లో బోస్టనున 151 మందిపై జరిగిన పరీక్షలో, తొలినాళ్లనుండియే ఉపశమన చికిత్స నందినవారి బ్రతుకు సుఖతరమగుటయే గాక, వారి మధ్యస్థ జీవితకాలము 8.9 నెలలకు మాఱుగా 11.6 నెలలయ్యెను.

కనుక మంచమే శరణ్యమనుట పొరపాటు. ముందునకు వంగి మోచేతులాన్చి కూర్చుండుట, పెదవులు ముడిచి మెల్లగా ఊపిరి విడుచుట, ముఖమునకు విసనకర్రతో గాలి వీచుట, పీటపై కూర్చుండి స్నానము చేయుట, తోటలో నాలుగడుగులు నడచి చెట్టునీడ నాగుట – వీనికి ధనమక్కఱలేదు. ఎముకలకు వ్యాధి ప్రాకిన వారిని మాత్రము వైద్యుని నడిగియే నడిపింపవలెను. తీవ్రమైన నొప్పికి మార్ఫీను కలదు. 1985 నాటి చట్టము దానిని దుర్లభము చేసినను, 2014 సవరణ దారి సుగమము చేసినది.

హైదరాబాదునందలి మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు వైద్యశాలలో ఉపశమన చికిత్స కలదు. కాని ఆయాసపడు రైతుకూలీ యంతదూర మెన్నిమాఱులు పోగలడు? ఈ విద్య పల్లెనర్సునకు రావలెను. ఆమెనుండి రోగి యింటివారికి రావలెను. పరిచర్యను ఆడువారి ఊడిగముగా నెంచుట మాని, విద్యగా గౌరవించి తగిన వేతన మొసంగిననాడే యిది నెఱవేఱును. నయముకాని రోగమనిన చేయదగిన దేమియు లేదని అర్థము కాదు.