జిప్‌లైన్ కడుతున్నారా? ఎక్కుతున్నారా? ముందు ఇవి తెలుసుకోండి

2016 వరకు నల్గొండ జిల్లాలో ఉన్న భువనగిరి కోట ఏకశిల మీద రాక్ క్లైంబింగ్ శిక్షణ ఎప్పటి నుంచో సాగుతోంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ మొదలైంది ఇక్కడే. మహబూబ్‌నగర్ శివారులో 2,087 ఎకరాల ఎకో పార్కు 2020లో ప్రారంభమైంది. గుట్టలు, బండలు, చెరువులున్న ఈ నేల మీద జిప్‌లైన్ పెట్టాలన్న ఆలోచన రావడం సహజమే.

అయితే 2025 జూన్‌లో మనాలీలో జిప్‌లైన్ మీద వెళుతున్న నాగ్‌పూర్ బాలిక పట్టీ తెగి కింద పడి తీవ్రంగా గాయపడింది. జిప్‌లైన్ మీద వెళ్లేవారి చేతిలో ఉండేది చాలా తక్కువ. వారి భద్రత డిజైన్ దశలో, ఆ తర్వాత ప్రతి ఉదయం జరిగే తనిఖీలో తేలిపోతుంది.

గట్టి బండ ఉంటే సరిపోదా?

సరిపోదు. మన దగ్గర గ్రానైట్ బండలు పైకి ఒకే రాయిలా కనిపించినా, చాలాచోట్ల పొరలు పొరలుగా విడిపోయి ఉంటాయి. పెద్ద గుండ్లు కొన్ని కింద పట్టు లేకుండా నిలబడి ఉంటాయి. పైగా, క్లైంబింగ్ బోల్టు మీద బరువు పడేది కొద్దిసేపే. జిప్‌లైన్ కేబుల్ మాత్రం రాత్రింబవళ్లు లాగుతూనే ఉంటుంది. అందుకే క్లైంబింగ్ కోసం కొట్టిన బోల్టులకు కేబుల్ కట్టకూడదు. జియోటెక్నికల్ ఇంజనీరు రాయిని పరీక్షించాలి. ప్రతి యాంకర్‌ను లాగి చూసే పరీక్ష చేసి, ఫలితం రాసిపెట్టాలి.

కేబుల్ ఎంత బిగించాలి?

గట్టిగా బిగిస్తే భద్రమన్నది అపోహ. 200 మీటర్ల కేబుల్ మధ్యలో 100 కిలోల మనిషి ఉన్నాడనుకోండి. కేబుల్ 10 మీటర్లు కిందికి వంగితే, ఆ మనిషి వల్ల పడే లాగుడు సుమారు 500 కిలోలు. బిగించి వంపును 5 మీటర్లకు తగ్గిస్తే అది సుమారు 1,000 కిలోలవుతుంది. కేబుల్ సొంత బరువు వల్ల పడే లాగుడు దీనికి అదనం. ఈ మొత్తానికి కొన్ని రెట్లు తట్టుకునే కేబుల్, యాంకర్లు కావాలి.

కేబుల్ కొసను మడిచి యూ-క్లాంపులతో బిగించేటప్పుడు క్లాంపు అడుగు భాగం బరువు మోసే తాడు వైపు, యూ వంపు ఖాళీ కొస వైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే పట్టు బాగా తగ్గిపోతుంది.

ఆగేది ఎలా?

సాధారణంగా 100 మీటర్ల దూరానికి 3 నుంచి 6 మీటర్ల ఎత్తు తేడా ఉంచుతారు. ఒకే లైన్ మీద బరువైనవారు వేగంగా దూసుకొస్తారు, తేలికైన పిల్లలు మధ్యలోనే ఆగిపోవచ్చు. కాబట్టి ప్రధాన బ్రేకుతో పాటు, అది పనిచేయకపోతే దానంతటదే పట్టుకునే రెండో బ్రేకు ఉండాలి. మధ్యలో ఆగినవారిని తీసుకొచ్చే ఏర్పాటు, శిక్షణ పొందిన సిబ్బంది ఉండాలి. చేతి గ్లవ్స్‌తో కేబుల్‌ను పట్టి ఆపడం ఒక్కదానినే నమ్ముకోకూడదు.

మన ఎండల సంగతేమిటి?

ఉష్ణోగ్రత 25 డిగ్రీలు పెరిగితే 200 మీటర్ల ఉక్కు కేబుల్ సుమారు 6 సెంటీమీటర్లు పొడుగవుతుంది. వంపు అంతకంటే చాలా ఎక్కువ మారుతుంది. ఉదయం ఉన్న వేగం మధ్యాహ్నం ఉండదు. ఎండకు నైలాన్ బెల్టులు కూడా బలహీనపడతాయి. వానాకాలానికి ముందు వచ్చే ఈదురుగాలి, ఉరుముల వేళ లైన్ ఆపేయాలి. ఎంత గాలికి ఆపాలో ముందే రాసిపెట్టుకోవాలి.

ఎవరిని అడగాలి?

మొదట భూమి ఎవరిదో చూడండి. అటవీ భూమి అయితే అటవీ శాఖ అనుమతి కావాలి. అలంపూర్ ఆలయాల వంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆ తర్వాతి 200 మీటర్లలో ముందస్తు అనుమతి తప్పనిసరి. యూరప్‌లో రోప్ కోర్సులకు ఈఎన్ 15567, సాహస పర్యాటక నిర్వహణకు ఐఎస్ఓ 21101 ప్రమాణాలున్నాయి. టెండర్ పిలిచే మున్సిపాలిటీ అయినా, సొంత స్థలంలో కట్టే రిసార్టు అయినా వీటిని ఒప్పందంలోనే రాయించుకోవడం మేలు.

టికెట్ కొనే ముందు

• ఈ రోజు తనిఖీ చేసిన రిజిస్టర్ చూపించమనండి.
• కనీస, గరిష్ఠ బరువు ఎంతో అడగండి. మీ బరువు తూచారా లేదా చూడండి.
• హార్నెస్ నుంచి కేబుల్‌కు రెండు వేర్వేరు లింకులు ఉండాలి.
• కుట్లు ఊడినా, రంగు వెలిసినా ఆ బెల్టు వేసుకోకండి.
• అవతలి గట్టు నుంచి సిగ్నల్ వచ్చాకే వదులుతున్నారా గమనించండి.

ప్రభుత్వ పార్కు అయితే తనిఖీ నివేదికలను సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ‘ప్రమాదానికి మాది బాధ్యత కాదు’ అన్న కాగితంపై సంతకం చేసినంత మాత్రాన నిర్వాహకుల నిర్లక్ష్యం మాఫీ కాదు. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయండి.

రిజిస్టర్ చూపించడానికి తటపటాయిస్తే టికెట్ కొనకుండా వెనక్కి రండి. పిల్లలు అలిగినా ఫర్వాలేదు.