తుపాకిమందులోని తారతమ్యము

తుపాకులనుగూర్చియు ఫిరంగులనుగూర్చియు మన చరిత్రకారులు విరివిగానే వ్రాసియున్నారు. వానినోట దట్టింపబడిన నల్లమందునుగూర్చి వ్రాసినవారు మాత్రము అరుదు. గోలకొండ కోటమీది ఫిరంగిని చూడబోయినవారికి దాని పొడవెంతయో, దానిని పోతపోసినదెవరో చెప్పువారు కలరు. దానిలో పోసిన మందు ఎవరు నూఱిరి, ఏ మట్టినుండి ఉప్పు తీసిరి, ఒక ఊరి మందుకును మఱియొక ఊరి మందుకును భేదమేమి అని అడిగినచో బదులు దొరకదు. ఫిరంగి లోహము గనుక నిలిచినది. మందు కాలిపోవునది గనుక మఱపునబడినది. ఆ మఱపునబడిన దానినిగూర్చియే మేమిచ్చట కొంత ముచ్చటింపదలచితిమి.

ఇది మన యిండ్లకు దూరపు వస్తువనుకొనరాదు. దీపావళికి చిచ్చుబుడ్లను ఇంటనే కూరుకొను అలవాటున్న కుటుంబములకు సురేకారము, గంధకము, బొగ్గు అను మూడును చిరపరిచితములు. తుపాకిమందును ఆ మూడింటి కలయికయే. ఇంగ్లండు సైన్యపు మందులో నూటికి 75 పాళ్లు సురేకారము, 15 బొగ్గు, 10 గంధకము ఉండెడివి. ఫ్రెంచివారు బొగ్గును గంధకమును సమముగా పన్నెండున్నర చొప్పున కలిపిరి. చూచుటకు ఈ భేదము స్వల్పము. పాళ్లు తెలిసినంతనే మంచి మందు సిద్ధించుననుట, బియ్యము పప్పు కొలతలు తెలిసినంతనే వంట కుదురుననుట వంటిది. మంచిచెడ్డలన్నియు సరకుల శుద్ధియందును, నూఱుటయందును, గింజకట్టుటయందును ఉన్నవి.

అన్నిటిలో ముఖ్యము సురేకారము. దీనికే పెట్లుప్పని తెలుగు పేరు. పాతగోడల మొదళ్లను, పశువుల కొట్టముల దాపునను తెల్లగా పొంగు చవిటిమట్టిలో ఇది యుండును. ఉప్పరవారు ఆ మట్టిని గీకి తెచ్చి, నీళ్లుపోసి వడియగట్టి, ఆ నీటిని కాచి చల్లార్చి ఉప్పును పేర్చెడివారు. అయితే ఆ నీటిలో వంటయుప్పును, తడిని పీల్చు మఱికొన్ని లవణములును కలిసియుండును. వానిని వేఱుచేయు ఉపాయము ప్రకృతియే కల్పించినది. మరుగుచున్న నీరు నూరు పాళ్లలో ఇంచుమించు 245 పాళ్ల సురేకారము కరగును. మంచువలె చల్లబడిన నీటిలో 13 పాళ్లు మాత్రమే నిలుచును. వంటయుప్పునకు ఆ భేదము లేదు. మరుగునీటిలో 39, చల్లని నీటిలో 36. కావున కాగు చల్లారిన కొలది సురేకారము సూదులవలె అడుగున పేరును. వంటయుప్పు నీటిలోనే ఉండిపోవును. ఈ పని ఒకమారు చేసిన సరకునకును, రెండుమూడు మార్లు చేసిన సరకునకును గల అంతరమే నాటుమందుకును మేలిమందుకును గల అంతరములో పెద్దపాలు. ఒక కాగు సరకుతో చేసిన మందు ఎండకాలమున పనిచేసి, వానకాలమున వేటగాని చేతిలో చీదిపోవును. ఈ ఉప్పే మందులో నిప్పు పుట్టించి, నీటి కూజా చుట్టు పోసినచో చల్లదనము పుట్టించునని అబుల్‌ఫజలు ఆయీనే అక్బరీలో ఆశ్చర్యపడినాడు.

బొగ్గు సంగతి వేఱు. ఐరోపావారు విల్లో, ఆల్డరు వంటి మెత్తని కట్టెలను కోరిరి. మనవారికి జిల్లేడు, కాడజెముడు, కందికట్టె దొరకినవి. వంటచెఱకుగా పనికిరాదని మనము విడిచిన కందికట్టెయు జిల్లేడును ఇందుకు తగినవగుట గమనింపదగినది. గట్టి కట్టె బొగ్గు నెమ్మదిగా మండును, బెండువంటి కట్టె బొగ్గు చుఱుకుగా మండును. గంధకము మన నేలలో అరుదు గనుక పారసీక, సుమత్రా తీరములనుండి ఓడలపై రావలసియుండెను.

మూడును కలిపి నూఱినపిమ్మట పిండిగానే విడిచినచో, బండి ప్రయాణపు కుదుపులకు బరువైనవి అడుగునకు దిగి, తేలికయైన బొగ్గు పైకి తేలును. అందుచే తడిపి, అదిమి, చిదిపి, జల్లెడపట్టి గింజలు చేయుదురు. గింజల సందులలో నిప్పు వేగముగా ప్రాకును. సన్నగింజ పిస్తోలుకు, ముతకగింజ ఫిరంగికి. ఎంత మేలిమందైనను కాలినపిమ్మట పూర్తిగా పొగగా పోదు. నోబెల్, ఏబెల్ అను ఇరువురు 1875లో ప్రకటించిన పరీక్షలనుబట్టి బరువులో నూటికి ఇంచుమించు 43 పాళ్లే వాయువగును. తక్కినది మసియై గొట్టమునకంటుకొనును. భర్మారు తుపాకి పేల్చువాడు మాటిమాటికి గజముతో గొట్టము తుడుచుకొనుట ఇందుచేతనే.

మందును పోల్చుటకు జనులు వాడిన పరీక్ష సులభము. తెల్లకాగితముపై చిటికెడు వేసి నిప్పంటింతురు. గుప్పున లేచి కాగితముపై మచ్చ మిగులనిది మేలు, నల్లని చారలును ముత్యములును మిగిల్చినది కీడు. ఇది కంటి పరీక్షయే గాని కొలత కాదు. కొలతను తెచ్చినవాడు బెంజమిన్ రాబిన్సు. ఊగు కొయ్యదిమ్మెను గుండుతో కొట్టి, దిమ్మె ఎంత దూరము ఊగెనో చూచి గుండు వేగమును 1742లో లెక్కగట్టెను. ఫ్రాన్సులో 1775 మొదలు మందు శాఖలో పనిచేసిన లవోజియే రసాయనజ్ఞానముతో తమ దేశపు సరకును బాగుపఱచెను. ఆంగ్లేయులు ఇనుపగొట్టములలో కట్టెను కాల్చి బొగ్గు తీయ నేర్చి, ఆ బొగ్గుమందు పీపాలకు ఎఱ్ఱని గుర్తును, గుంటలో కాల్చిన పాతబొగ్గు మందునకు నీలిగుర్తును వేసిరి. పేరును గుర్తును చూచి సరకు నెంచు ఆచారము ఇట్లు బలపడినది.

ఇక మన రాజధాని సంగతి. 1687లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించినప్పుడు, మొగలులు గోడలక్రింద సొరంగములు త్రవ్వి మందు కూరిరనియు, లోపలివారు ఎదురుత్రవ్వి కొంత మందును తోడివేసి కొంతదానిపై నీరు పోసిరనియు, నిప్పంటింపగా ఆ పేలుడు వెలుపలివైపునకే తిరిగి మొగలు సైనికులనే చంపెననియు ఖాఫీఖాను వ్రాసినాడు. మందెంత మంచిదైనను కడవెడు నీటికి లోకువయే. ఎనిమిది నెలలు నిలిచిన ఆ కోట తుదకు మందువలన గాక ద్రోహమువలన పడినది.

నూఱేండ్ల పిమ్మట రేమండు అను ఫ్రెంచివాడు నిజాము అలీఖాను కొలువుచేరి ఫిరంగులు పోయించిన చోటే నేటి గన్‌ఫౌండ్రి. 1798 మార్చిలో అతడు చనిపోయెను. ఆ అక్టోబరులోనే కిర్క్‌పాట్రిక్కు ఫ్రెంచి పటాలములను నిరాయుధములను గావించెను. ఇంచుమించు పదునాలుగువేలమంది సిపాయిలు ఆయుధములు దింపిరి. ఆ పనిలో తోడైన జాన్ మాల్కమునకే మరుసటి యేడు మహలఖాబాయి చందా తన కవితల సంపుటమును కానుకగా నిచ్చెను. నిజాముతో దండయాత్రలకు సయితము వెళ్లిన ఆ కవయిత్రికి ఆడిక్‌మెట్‌లో జాగీరు కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది ఆ నేలమీదనే. ఆమె నాటి దిగుడుబావి ఇంగ్లీషు, విదేశీభాషల విశ్వవిద్యాలయపు ఆవరణమున నేటికిని ఉన్నది. ఆమె తోటకు తీగెకంచె వేసి నాకా పెట్టుటచే తార్నాక యను పేరు వచ్చెనని చెప్పుదురు. ముండ్లతీగె పుట్టినదే 1860 తరువాత. ఆమె 1824లో గతించెను. కంచె ఉన్నచో అది తరువాతివారిది కావలెను.

పటాలముల రద్దుతో పోయినవి తుపాకులు మాత్రమే కావు. తన కార్ఖానాలో పోతపోసి, తన మందు తాను చూచుకొను అభ్యాసము రాజ్యమునకు సన్నగిల్లెను. కుంపిణీకి వంగదేశమున ఈశాపురపు మందు కార్ఖానా 1791 నుండి పనిచేయుచుండెను. అది 1902లో మూతపడెను. పందొమ్మిదవ శతాబ్దమున దొరల వేటసామగ్రితో కర్టిస్ అండ్ హార్వీవంటి వర్తకుల మందు డబ్బాలు దిగెను. బ్రిటిషు మండలములలో 1878 ఆయుధ చట్టమును, 1884 పేలుడుపదార్థముల చట్టమును వచ్చినపిమ్మట నాటుమందు నూఱుట నేరమైనది. అనుమతిలేని మందు ప్రాణాంతకము. ఆ చట్టములను మేము నిందింపము. అయినను ఆ పనితోబాటు దాని తెలివియు పోవుట చూచి ఊరకుండజాలము.

ఉస్మానియాలో రసాయనము నేర్చు విద్యార్థి మొదటి సంవత్సరముననే స్ఫటికములను కాచి చల్లార్చి శుద్ధిచేయ నేర్చును. తార్నాకలో 1944లో ఆరంభమైన ప్రయోగశాల నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా వర్ధిల్లుచున్నది. అచ్చటివారు చేయు పనినే, అదే సూత్రముతో, చదువులేని ఉప్పరి మంటికుండలో చేసినాడు. వానిని కూలివాడన్నాము, ఈతనిని శాస్త్రజ్ఞుడన్నాము. ఏ ఊరి మట్టిలో ఉప్పెక్కువ, ఎన్ని కాగులకు సరకు తేటపడును, చల్లార్చుటకు ఏ వేళ మంచిది అనునవి వాని మనుమలయొద్ద ఇంకను ఏమైన మిగిలియుండవచ్చును. వారి యిండ్లకు కాగితము కలముతో పోవుటకు తార్నాక బస్సు చాలును.

పడమటి దేశములందు మూతితుపాకి నేడు వినోదమైనది. లవోజియే శిష్యుడైన డుపాం అమెరికాలో 1802లో స్థాపించిన వ్యాపారమునుండి దిగిన గోయెక్స్ మందు 2021లో నిలిచిపోయి, మఱుసటి యేడు వేఱొకరిచేత తిరిగి మొదలైనది. స్విస్ అను పేరిటి మందు దానికంటె చుఱుకైనది. ఒకదానికి పోసిన కొలతనే రెండవదానికి పోయరాదని అచ్చటి గుఱికాండ్రు ఒకరినొకరు హెచ్చరించుకొందురు. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టముక్రింద అనుమతి పొంది, పందులనుండి పైరు కాచుకొనుటకు భర్మారు పట్టు రైతులు కొందఱున్నారు. నాసిమందు కొలతకు చేయి అలవడినవాడు మేలిమందును అంతే పోసినచో, పైరుకంటె ముందు తుపాకి గొట్టమే చీలును.