టిక్కు, ఇంటూ, ప్రశ్నార్థకం

మొన్న మా మనవడు ఎవరికో నన్ను చూపించి ‘మా తాత పొలిటికల్ కన్సల్టెంట్’ అన్నాడు. నవ్వొచ్చింది. కురబలకోటలో నా పేరు లిస్టాయన, అంతే.

1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 1987లో మండలాధ్యక్షుణ్ణి ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు, అదీ పార్టీ గుర్తుల మీద. అప్పుడు నాది గోడలు రాసే పని. సున్నం, నీలిమందు, జాజు, నలగ్గొట్టిన ఈతమట్ట కుంచె. హస్తం సులువు, సైకిలే కష్టం; చక్రాలకు సిబ్బిరేకు బోర్లించి గీసేవాణ్ణి. గోడ అడగడానికి ఇంటింటికీ పోయేవాణ్ణి కదా, ‘రాసుకో నాయనా’ అన్నదెవరో, ‘మా ఆయన ఊళ్ళో లేడప్పా’ అని తలుపు దగ్గరికేసిందెవరో నాకు తెలిసిపోయేది. నాకు పని చెప్పినాయన రెండోరోజునుంచి గోడల లెక్క మానేసి ఆ కబుర్లే అడగడం మొదలుపెట్టాడు. అట్లా కుంచె పోయి ఓటరు లిస్టు చేతికొచ్చింది. గోడరాతలను కట్టడిచేసే చట్టం 1997లో వచ్చేనాటికి నేనా కూలి ఎప్పుడో వదిలేశాను.

పేరు పక్కన టిక్కు పెడితే మనోడు. ఇంటూ పెడితే కాదు. ప్రశ్నార్థకమైతే పొద్దుగూకినాక పోయి అరుగు మీద కూచోవాల. మా ఇంటి నంబరు దగ్గర నాకు టిక్కు, మా ఆవిడకు ఇప్పటికీ ప్రశ్నార్థకమే. కూలికి బెంగళూరు పోయినోళ్ళకు ‘బెం’ అని రాసేవాణ్ణి. ఈ బెంలే ప్రాణం తీసేవి: పంచాయతీలో పది ఓట్లు అటూ ఇటూ అయితే సర్పంచే మారతాడు. సర్పంచి ఎన్నికలో పార్టీ గుర్తులుండవు. ఉంగరం, కత్తెర, బ్యాటు లాంటివి ఇస్తారు. గుర్తు చేతికొచ్చినాక ముసలోళ్ళకు బొమ్మ గుర్తుండేలా చెప్పడానికి మిగిలేది కొన్ని రోజులే. ఒకాయన కొద్దిలో ఓడిపోయి నా కూలి ఎగ్గొట్టాడు. ఆయన పేరు చెప్పను, ఇంటూ మాత్రం పెట్టుకున్నా.

2017 వైసీపీ ప్లీనరీలో జగన్ ఎన్నికల వ్యూహకర్త ప్రశాంత్ కిషోర్‌ను పార్టీవాళ్ళకు పరిచయం చేశాడు. 2019 అసెంబ్లీ ఎన్నికల్లో ఆ పార్టీకి 175కి 151 స్థానాలొచ్చాయి. ఇంక ఏ పార్టీ అయినా ట్యాబు పట్టుకున్న పిల్లకాయలతోనే వచ్చేది. మర్యాదస్తులే. కులం, ఫోను నంబరు, అందిన పథకం అన్నీ ఎక్కించుకున్నారు. ‘మీకెట్లా తెలుసు తాతా?’ అని నన్నడిగారు. మజ్జిగ ఇచ్చిందీ లేనిదీ చూస్తానన్నాను. ట్యాబులో దానికి గడి లేదు.

నా పనికి గట్టి శత్రువు మాత్రం ట్యాబు కాదు, ఏకగ్రీవం. 2021 మార్చిలో పుంగనూరు మున్సిపాలిటీలో 31 వార్డులూ పోటీ లేకుండా వైసీపీకి పోయాయి. ఓటే లేనిచోట లిస్టెందుకు? నవంబరులో కుప్పం మున్సిపాలిటీకి పోలింగు జరిగింది. 1989 నుంచి చంద్రబాబు గెలుస్తూ వచ్చిన నియోజకవర్గం అది. 25 వార్డుల్లో 19 వైసీపీ, 6 టీడీపీ గెలిచాయి.

ఆ ఏడు పుంగనూరు నుంచి నన్నెవరూ పిలవలేదు. కుప్పం నుంచి ఇద్దరొచ్చారు, చంకలో లిస్టు జెరాక్సులతో.