చెనిక్కాయ గింజంత జాగ్రత్త

డిసెంబరు 24, మధ్యాహ్నం మూడు దాటింది. తనకల్లులో రోడ్డువార ఫ్యాన్సీ షాపులో ఉన్నాం. ఇద్దరు నిలబడే చోట ఆరుగురం ఇరుక్కున్నాం. తల ఎత్తితే ఎర్ర టోపీలు, ప్లాస్టిక్ చుక్కలు, బుడగల ప్యాకెట్లు, జిగేల్ కాగితాల తోరణాలు నెత్తికి తగులుతున్నాయి. బయట టమోటా ట్రేలు నింపుకున్న బండి ఒకటి హారన్ కొట్టుకుంటూ ములకలచెరువు దిక్కుగా పోయింది. గాలి అప్పుడే చల్లబడుతోంది. చేలల్లో చెనిక్కాయ పీకడం ఎప్పుడో అయిపోయింది, కంది మాత్రం నిలబడి ఉంది.

మనకు ముందు బేరంలో ఉన్న మనిషిని చూడండి. బెంగళూరులో కట్టడాల పని. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వానను నమ్ముకుని సేద్యం చేసే ఈ సీమలో, ఇంటికొకరైనా అట్లా బెంగళూరు బస్సెక్కిన వాళ్ళుంటారు. పండక్కి పొద్దున్నే దిగాడు. పక్కన అన్న కూతురు, చిన్న పాప. ఎవరికి ఏం కావాలో చీటీ లేదు, అంతా పాప నోట్లోనే ఉంది.

"చిన్నాయనా, అన్నకు ఆ ఎర్ర కారు."

షాపాయన కారు దించి దుమ్ము తుడిచి ఇచ్చాడు. చిన్నాయన రేటు అడగలేదు. కారును వెల్లకిలా తిప్పాడు. బ్యాటరీ మూత మీద గోరు పెట్టి లాగాడు. రాలేదు, స్క్రూ ఉంది. చక్రం పట్టుకుని గుంజాడు. అదీ రాలేదు. ఆ తర్వాత అట్టపెట్టె తీసుకుని వెలుతురుకు పట్టాడు.

"ఏం వెతుకుతావప్పా?"

"ఐఎస్ఐ గుర్తు."

"సిమెంటు బస్తాకు చూస్తారు గానీ, బొమ్మకేంది?"

ఆయనకు ఆ చూపు అబ్బింది సిమెంటు బస్తాల దగ్గరే. వైరు చుట్టైనా, స్విచ్చైనా, ఇనుప కమ్మైనా గుర్తు లేనిది లోపలికి రానివ్వని సైట్లలో పనిచేసినోడు. బొమ్మలకూ అదే కట్టుబాటు వచ్చి ఏండ్లయింది. కేంద్రం 2020లో తెచ్చిన బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పద్నాలుగేళ్ళలోపు పిల్లలు ఆడుకునే బొమ్మను ఐఎస్ఐ గుర్తు లేకుండా తయారు చేయకూడదు, దిగుమతి చేయకూడదు, అమ్మకూడదు. మామూలు బొమ్మయితే గుర్తు మీద ఐఎస్ 9873 అని, కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచేదయితే ఐఎస్ 15644 అని ఉంటుంది. కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఆ నంబరును ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే, అది ఏ కంపెనీదో, లైసెన్సు ఇంకా బతికి ఉందో లేదో తెలిసిపోతుంది. గుర్తును ఎవడైనా అచ్చు వేసుకోగలడు, అందుకే నంబరు చూడాలి.

ఆ గుర్తు వెనక జరిగే పని మనకు కనిపించదు. బొమ్మను ఎత్తు నుంచి పడేస్తారు, మెలితిప్పుతారు, కళ్ళూ ముక్కూ పట్టి గుంజుతారు, నిప్పు తగిలితే ఎంత వేగంగా అంటుకుంటుందో చూస్తారు. రంగులోంచి సీసం, కాడ్మియం, పాదరసం వంటివి ఎంత ఊడి వస్తాయో కొలుస్తారు. సీసం పిల్లల మెదడుకు చేటు. ఇంతవరకైతే ఫరవాలేదు అనదగ్గ మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పసిబిడ్డ బొమ్మను చేత్తో చూడడు, నోటితో చూస్తాడు.

కారు పక్కన పెట్టించారు. ఇప్పుడు పాప కన్ను ఒక డబ్బా మీద పడింది. ఒకదానిలో ఒకటి బిగించి ఇల్లు కట్టుకునే ముక్కలు, ఇరవైనాలుగు. పెట్టె మూలన చిన్న గుండ్రం, అందులో పసివాడి మొహం, దాని మీద అడ్డగీత, పక్కన 0-3 అంకెలు. మూడేళ్ళలోపు వాళ్ళకు ఇవ్వొద్దని దాని అర్థం.

"మీ పిల్లోనికి ఏడేండ్లు గదా, సరిపోతుందిలే" అన్నాడు షాపాయన.

"వానికి ఏడే. మా అక్క కొడుక్కి ఏడాదిన్నర. ఇద్దరూ కూర్చునేది ఒకే చాప మీద."

పెట్టె మీద రాసే వయసు ఒక్క బిడ్డను మనసులో పెట్టుకుని రాసింది. పండగ ఇంట్లో ఒక్క బిడ్డ ఉండదు. అన్న పిల్లలు, తమ్ముని పిల్లలు, పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ చంకలో పసిబిడ్డ, పక్కింటి పిల్లలు అంతా ఒకే పంచలో ఉంటారు. ఎవరి పేరున కొన్నా, అరగంటలో ఆ బొమ్మ అందరికన్నా చిన్నోని చేతికి చేరుతుంది. కాబట్టి ఇంట్లో అందరికన్నా చిన్నబిడ్డ వయసే ఆ ఇంటి బొమ్మలకు వయసు.

చిన్నాయన జేబులోంచి పది రూపాయల బిళ్ళ తీసి ఒక ముక్క పక్కన పెట్టాడు. బిళ్ళ వెడల్పు 27 మిల్లీమీటర్లు. పరీక్షల్లో వాడే గొట్టం 31.7 మిల్లీమీటర్లది. ఒత్తకుండా అందులో పూర్తిగా ఇమిడిపోయే ముక్క ఏదైనా మూడేళ్ళలోపు బిడ్డకు గొంతు అడ్డమే. బిళ్ళంత ఉన్నదీ పనికిరాదు, దానికన్నా కాస్త పెద్దదీ పనికిరాదు. ముక్క బిళ్ళకన్నా చిన్నదిగానే ఉంది.

"ఇది తీసుకుందాం. కానీ మూత గట్టిగా పడే డబ్బా ఉండాల. ఆడేది మంచం మీద, పసోడు నిద్రపోయినప్పుడు. ఎత్తేటప్పుడు లెక్క పెట్టాల. ఇరవైనాలుగు."

"నేను లెక్క పెడతా" అంది పాప.

ఇక పాప తన కోరిక బయటపెట్టింది. ఎర్ర టోపీ, అంచున బొచ్చు, బొచ్చులో మినుక్కుమనే లైట్లు. నొక్కితే పాట కూడా. చిన్నాయన టోపీ మడత విప్పాడు. లోపల బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బీ. గోరు తగలగానే మూత ఊడి, మెరిసే బిళ్ళ ఒకటి అరచేతిలో పడింది. దాని మీద సీఆర్ 2032 అని ఉంది. అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు.

ఇదే ఈ షాపులో అన్నిటికన్నా ప్రమాదమైన వస్తువు. పసిబిడ్డ మింగితే అది అన్నవాహికలో ఇరుక్కునే కొలత. ఇరుక్కున్న చోట తడి తగిలి కరెంటు పారుతుంది, ఆ కరెంటు చుట్టూ క్షారాన్ని పుట్టిస్తుంది, ఆ క్షారం కండను కాల్చేస్తుంది. రెండు గంటలు చాలు. లైటు వెలగనంత నీరసించిన బిళ్ళకు కూడా ఆ పని చేసే సత్తువ మిగిలే ఉంటుంది. మింగినట్టు అనుమానం వస్తే వాంతి చేయించకూడదు, అరటిపండో అన్నం ముద్దో పెడితే దిగుతుందిలే అనుకోకూడదు. రాత్రి ఎంతైనా ఎక్స్‌రే తీసే ఆసుపత్రికి బండి కట్టాలి. తనకల్లు నుంచి అంటే కదిరి, అక్కడ కాదంటే బత్తలపల్లిలోని ఆర్డీటీ ఆసుపత్రి దిక్కు. నిబంధనల ప్రకారం చేసిన బొమ్మలో ఈ బిళ్ళ ఉన్న మూతకు స్క్రూ ఉంటుంది. టోపీలకు, పాట పాడే గ్రీటింగు కార్డులకు, రంగుల కొవ్వొత్తి లైట్లకు ఉండదు. వాటిని ఎవరూ బొమ్మలుగా లెక్కవేయరు, పిల్లలు తప్ప.

లైట్లు లేని టోపీ తీసుకున్నారు. పాప మొహం ముడుచుకుంది, రెండు జడ రిబ్బన్లు కొంటే విచ్చుకుంది.

కొక్కంటి క్రాస్ వైపు పోయే ఆటోలో ఎక్కి, మధ్యలో దిగి, మట్టిదారిన నడిచి ఇల్లు చేరాం. మిద్దె మీద వెదురు కర్రకు చుక్క కట్టారు. పంచలో జేజి కర్జికాయలు చేస్తోంది. ముందర వేయించిన చెనిక్కాయ గింజలు చాటలో, తరిగిన బెల్లం పళ్ళెంలో. ఏడాదిన్నర మనవడు చాట మీదికి పాకాడు. గుప్పెట్లోకి నాలుగు గింజలు తీసుకున్నాడు. జేజి చూపు పిండి మీదే ఉంది గానీ, చేయి పోయి వాడి గుప్పెట విప్పి గింజలు రాల్చేసింది. బదులుగా రోట్లో దంచిన పొడి చిటికెడు నాలుక మీద వేసింది.

చెనిక్కాయ పండే ఈ నేల మీద ప్రతి ముసలమ్మకూ తెలిసిన సంగతి ఇది. మన దేశంలో పిల్లల ఊపిరితిత్తుల్లోంచి డాక్టర్లు తీసే వస్తువుల్లో తరచుగా కనిపించేది చెనిక్కాయ గింజే. నవ్వుతూనో ఏడుస్తూనో ఉన్న బిడ్డ నోట్లో గింజ ఉంటే, ఊపిరితో పాటు లోపలికి పోతుంది. లోపలి తేమకు ఉబ్బి దారి మూసేస్తుంది. అందుకే పళ్ళు గట్టిపడి నమలడం వచ్చేదాకా గింజ పెట్టరు, పొడి పెడతారు. ఇరవైనాలుగు ముక్కల డబ్బా మీది అడ్డగీత చెప్పేది కూడా అంతే. జేజికి దాన్ని కొత్తగా నేర్పాల్సిన పని లేదు, గింజను చూసిన కంటితో బొమ్మను చూస్తే చాలు.

చిన్నాయన బెంగళూరు సంచి విప్పాడు. పసోనికి చన్నపట్న చెక్కబొమ్మలు తెచ్చాడు: ఒక కర్రకు గుచ్చే పెద్ద పెద్ద రింగులు, లాగుడు బండి ఒకటి. జేజి రింగు తీసుకుని చీరకొంగు తడిపి గట్టిగా రుద్దింది. కొంగుకు రంగు అంటలేదు.

అంటదు. బెంగళూరు-మైసూరు దారిలో ఉన్న చన్నపట్నలోనూ, మన అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలోనూ పని తీరు ఒకటే, చెట్టూ ఒకటే. మనం అంకుడు కర్ర అంటాం. తరిమెన మీద కర్ర గిరగిర తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగై పట్టుకుంటుంది. ఆ పైన మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. ఏటికొప్పాకలో గింజలు, వేళ్ళు, ఆకుల నుంచి తీసిన రంగులను మళ్ళీ నిలబెట్టినందుకు సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇట్లాంటి గుర్తింపు ఉన్న బొమ్మలకు, నమోదైన హస్తకళాకారుల పనికి ఐఎస్ఐ నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి చెక్కబొమ్మ మీద గుర్తు లేకపోతే కంగారు పడక్కర్లేదు గానీ, ఎవరు చేశారో తెలిసిన చోట కొనాలి. చెక్కబొమ్మల దుకాణంలో అమ్మేదంతా లక్క కాదు, పెయింటు పూసిందీ ఉంటుంది.

లాగుడు బండికి తాడు మూరెడుంది. జేజి కత్తిపీట దగ్గరికి జరిగి జానెడు వదిలి కోసేసింది. చిన్నపిల్లల బొమ్మల తాడుకు ప్రమాణం పెట్టిన హద్దు 220 మిల్లీమీటర్లు. జేజి జానెడు దానికి అటూ ఇటూగా సరిపోయింది.

రాత్రి తొమ్మిదికి మందిరం గంట మోగింది. ఈ పీఠభూమికి క్రిస్మస్ నిన్న మొన్న వచ్చింది కాదు. బళ్ళారి, గుత్తి, కడప, జమ్మలమడుగుల్లో లండన్ మిషనరీ సొసైటీ పందొమ్మిదో శతాబ్దంలోనే పాతుకుంది. 1947 సెప్టెంబరు 27న ఆ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. పల్లెల్లో ఈ పండగకు ఇక్కడి రంగే పట్టింది. పశువుల పాకకు దూది మంచు లేదు, చెనిక్కట్టె పరిచారు. ఎండుకట్టె కనుక కొవ్వొత్తి దరికి రానివ్వకుండా పాస్టరు అయ్యగారు టార్చిలైటు పెట్టించారు. నాటకంలో గొర్రెల కాపరులకు వేషాలు కుట్టించే పని లేదు. ముగ్గురు కుర్రాళ్ళు ఇంటి నుంచి కంబళ్ళు కప్పుకొచ్చారు, ఒకడు నిజం గొర్రెపిల్లనే ఎత్తుకొచ్చాడు. అది మధ్యలో అరిచినప్పుడల్లా దేవదూతకు మాట మరుపొచ్చింది.

కీర్తనల నడుమ ఠాప్ ఠాప్‌మని బుడగలు పగులుతున్నాయి. పగిలిన ప్రతిసారీ పిల్లలు నవ్వారు. మన ఆడబిడ్డ మాత్రం పసోణ్ణి చంకన వేసుకుని వంగి, రబ్బరు పేలికలు ఏరి కొంగున కట్టుకుంది. పగిలిన బుడగ పేలిక గొంతుకు అతుక్కుంటే తీయడం కష్టం. ఊదని బుడగా అంతే. ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళ నోటికి రెండూ కూడనివి.

తెల్లారింది. కొత్త బట్టలు, ఆరాధన, చేతులు కలిపి వందనాలు. పొయ్యి మీద పొట్టేలి కూర, పక్కన ఓళిగలు. పక్కింటి హిందువుల ఇంటికి, వెనక సందులోని సాయిబుల ఇంటికి కర్జికాయల పళ్ళేలు పోయాయి. మధ్యాహ్నం పసోడు నిద్రపోగానే మంచం మీద ముక్కల ఇల్లు లేచింది. వాడు కదలగానే పాప హెచ్చరించింది, అన్న ఇల్లు కూల్చాడు, ఇద్దరూ డబ్బాలోకి లెక్కపెట్టారు.

ఇరవైమూడు.

మళ్ళీ పెట్టారు. ఇరవైమూడే. దుప్పటి దులిపారు. మంచం కింద వెతికారు. చిన్నాయన పసోని గుప్పెట విప్పి, నోట్లో వేలు పెట్టి చూశాడు. వాడు లేచి ఏడుపు అందుకున్నాడు. ఆడబిడ్డ మొహం పాలిపోయింది. అన్న జేబులు తిరగేశాడు. ఇంటిల్లిపాదీ పంచలో వంగి నేల చూస్తున్నారు.

జేజి తాపీగా ఆకువక్క సంచి ముడి విప్పి, వక్కల మధ్య నుంచి పచ్చ ముక్క తీసి డబ్బాలో వేసింది.

"ఇందాక కసువు చిమ్మేటప్పుడు దొరికింది. మీరు లెక్క పెడతారా, మాటలకే చెప్పినారా చూద్దామని ఊరకుండినా."

"చంపేస్తివి గదమ్మా!" అన్నాడు చిన్నాయన, కూలబడి.

"లెక్క తప్పితే ఇంత బయం పడాల. పడినారు. ఇంక ఆ డబ్బా ఈన్నే ఉండనీ, అటక మీదికి ఎక్కీయొద్దు" అని జేజి ఆకుకు సున్నం రాసుకుంది.