గాలికి పోయే బలాన్ని మట్టిలో నిలిపిన కథ

మడకశిర, హిందూపురం పల్లెల్లో గోబర్ గ్యాస్ గుంత దగ్గర ఎండపూట కాసేపు నిలబడితే ముక్కుకు ఘాటు తగులుతుంది. ఆ ఘాటు అమోనియాది. పంటకు అందాల్సిన నత్రజనే అలా గాలికి పోతోంది. ఎర్ర నేలలు, చాలీచాలని వానలు, ఇంటికి రెండు మూడు పశువులు ఉన్న సీమలో అది చిన్న నష్టం కాదు. ఆ నష్టం ఎక్కడ మొదలవుతుందో, దాన్ని ఎలా ఆపాలో తేలడానికి వందేళ్లకు పైగా పట్టింది.

మొదటి చిక్కు ఇదీ. పశువు మూత్రంలో ఉండేది యూరియా. దానికి ఘాటు లేదు. మరి కాస్త పేడ కలిస్తే కొన్ని గంటల్లోనే అంత వాసన ఎందుకు పుడుతోంది? 1876లో మస్క్యులస్ అనే శాస్త్రవేత్త చెడిన మూత్రం నుంచి యూరియాను విడగొట్టే పదార్థాన్ని వేరుచేశాడు. దానికి తర్వాత యూరియేజ్ అని పేరు వచ్చింది. పేడలోని సూక్ష్మజీవుల్లో అది పుష్కలంగా ఉంటుంది. మూత్రంలోని యూరియాకు అది తగలగానే అమోనియా పుడుతుంది. కానీ అసలు ఆ యూరియేజ్ దేనితో తయారైందో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ ముడి విప్పినవాడు జేమ్స్ సమ్నర్. పదిహేడేళ్ల వయసులో వేటలో జరిగిన ప్రమాదంలో ఎడమ చెయ్యి పోయింది. అతనిది పుట్టు ఎడమచేతి వాటం. ఒంటిచేత్తో రసాయనశాస్త్రం సాగదు, న్యాయశాస్త్రం చదువుకోమని హార్వర్డ్‌లో గురువు ఒట్టో ఫోలిన్ సలహా ఇచ్చాడు. సమ్నర్ వినలేదు. 1917లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జాక్ బీన్ గింజల పిండి ముందేసుకుని కూర్చున్నాడు. మన తమ్మకాయకు దగ్గరి చుట్టం అది. ఆ గింజల్లో యూరియేజ్ మెండుగా ఉంటుంది. పరికరాలు తక్కువ, పాఠాలు చెప్పే భారం ఎక్కువ. ఏళ్లు గడిచాయి, చేతికేమీ చిక్కలేదు. 1926లో ఆల్కహాల్ బదులు అసిటోన్ కలిపి, వడగట్టిన ద్రవాన్ని రాత్రంతా చలిలో ఉంచాడు. పొద్దున్నే ఒక చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే చిన్న చిన్న స్ఫటికాలు మెరిశాయి. అది ప్రోటీన్ అని అతను చెబితే జర్మనీ పండితులు ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్లు నిలబడ్డాక, 1946లో, నోబెల్ బహుమతి మరో ఇద్దరితో కలిసి అందింది.

కారణం తెలిసినా పొలానికి మందు దొరకలేదు. దాని అవసరాన్ని గుర్తుచేసింది, విచిత్రంగా, అడవి. 1982లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త నికో వాన్ బ్రీమెన్ బృందం చెట్ల ఆకుల మీదుగా కారే వాన నీటిని పరీక్షిస్తే అందులో అమ్మోనియం సల్ఫేట్ కనిపించింది. నేల ఆమ్లమయం కావడానికి అదొక కారణమని తేలింది. అందులోని అమోనియా పశువుల పాకల నుంచీ, పొలాల మీద ఎగజిమ్మే స్లర్రీ, అంటే పేడ, మూత్రం కలిసిన చిక్కటి ద్రవం నుంచీ వచ్చిందే.

ఎంత పోతోందో కొలవాలి. గాలిని కొలిచేదెలా? 1984లో ఇంగ్లండ్‌లో లాకియర్ అనే పరిశోధకుడు స్లర్రీ పోసిన నేల మీద పారదర్శకమైన చిన్న సొరంగం అమర్చి, ఫ్యాన్‌తో గాలి లాగి, అందులోని అమోనియాను ఆమ్లంలో పట్టే పద్ధతి వివరించాడు. ఇలాంటి కొలతలతో అసలు సంగతి బయటపడింది. పోయేదాంట్లో పెద్ద భాగం మొదటి కొన్ని గంటల్లోనే పోతుంది.

తర్వాతది యంత్రాల పోరాటం. మొదట స్లర్రీని లోతైన ఇనుప కొయ్యలతో నేలలోకి దింపారు. వాసన ఆగింది గానీ గడ్డి వేళ్లు తెగాయి, బరువైన ట్రాక్టర్లు కావాల్సి వచ్చాయి. దాంతో నాలుగైదు సెంటీమీటర్ల లోతు గాడితో సరిపెట్టుకున్నారు. గడ్డిని పక్కకు తప్పించి నేల మీద సన్నటి వరసలుగా స్లర్రీ పరిచే పరికరం కూడా వచ్చింది. ఎగజిమ్మడంతో పోలిస్తే తెరిచి ఉంచిన గాడి నష్టాన్ని సుమారు 70 శాతం తగ్గిస్తుంది. మట్టి కప్పేస్తే ఇంకా ఎక్కువ. డెన్మార్క్ వాళ్లు స్లర్రీలో గంధకామ్లం కలిపి అమోనియాను కట్టేశారు.

మన దారి వేరుగా మొదలైంది. పొయ్యి కోసం. 1951లో జష్‌భాయ్ పటేల్ గ్రామలక్ష్మి గోబర్ గ్యాస్ ప్లాంటు రూపొందించాడు. ఖాదీ కమిషన్ దాన్ని ఊరూరా తీసుకెళ్లింది. అందులో గ్యాస్ నిలిపే ఇనుప డ్రమ్ము తుప్పు పట్టేది, ఖర్చు మోయలేనిది. 1978లో జనతా, 1984లో ఆఫ్‌ప్రో సంస్థ దీనబంధు నమూనాలు ఇనుము అక్కర్లేకుండా ఇటుకలతో వచ్చాయి. మనకు పొరుగునే, కర్ణాటకలో తెలుగు మాట్లాడే బాగేపల్లిలో కూలీ సంఘం కుటుంబాల కోసం 5,500 ప్లాంట్ల పథకం 2005లో ఐక్యరాజ్యసమితి కార్బన్ కార్యక్రమంలో నమోదైంది. ఒక్కోటి రెండు ఘనమీటర్లది. అంత ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ, అంతే నీళ్లు కావాలి. ఆ మేరకు స్లర్రీ కూడా రోజూ బయటికొస్తుంది.

ఇక్కడే జాగ్రత్త అవసరం. పులిసిన స్లర్రీలో నత్రజని కొంత భాగం, అమోనియాకు నీటిలో కరిగిన రూపమైన అమ్మోనియంగా మారి ఉంటుంది. పంట త్వరగా అందుకుంటుంది. ఎండా గాలీ తగిలితే అంతే త్వరగా ఎగిరిపోతుంది. విదేశాల్లో లక్షలు పోసి చేసిన పనికి మన దగ్గర నాగలి, పార చాలు. మట్టిలోకి దిగిన అమ్మోనియం బంకమట్టి రేణువులను అంటిపెట్టుకుంటుంది. చేనులో మంద కట్టిన గొర్రెల మూత్రం నేరుగా నేలలోకి ఇంకుతుంది కాబట్టే, మంద లేచిన వెంటనే దున్నితే ఆ బలంలో ఎక్కువ భాగం చేనులోనే నిలుస్తుంది.

గ్యాస్ గుంత ఉన్న మల్బరీ, వేరుశెనగ రైతులందరినీ నేను అడిగేది ఒక్కటే. స్లర్రీని మిట్టమధ్యాహ్నం చల్లకండి. పొద్దు వాలాక సాలు తెరిచి, మొక్క మొదళ్ల పక్కన పోసి, ఆ పూటే మట్టి కప్పండి. పొలం దూరమైతే ఎండుటాకులు, పట్టుపురుగుల చెత్త నింపిన గుంతలో పోసి పైన మన్ను వేయండి.